షాంపేన్ అనే సెంటు: ఒక పేరు, ఒక బిరడా, ఒక తీర్పు

1993 శరదృతువులో పారిస్ దుకాణాల్లోకి ఒక కొత్త సెంటు సీసా వచ్చింది. చూడగానే షాంపేన్ సీసా బిరడా గుర్తుకు వచ్చేలా దాన్ని మలిచారు. బిరడా ఎగిరిపోకుండా కట్టే తీగను సైతం మరువక, బంగారువన్నెలో సీసాకు చుట్టారు. పేరు కూడా షాంపేనే. తయారుచేసినది ఈవ్ సాఁ లోరాఁ సంస్థ. ఫ్రాన్స్‌లో ఆ దుస్తుల రూపశిల్పికి ఉన్న ప్రతిష్ఠా, ఆ మద్యానికి ఉన్న ప్రతిష్ఠా ఒకదానికొకటి తీసిపోయేవి కావు. అయినా ఆ రెండూ ఒకే సీసాలో ఇమడలేదు. ఆ ఏడాది ముగియకముందే పారిస్ న్యాయస్థానం ఆ సీసా మీద ఆ పేరు ఉండరాదని తేల్చింది.

వ్యాపార సంస్థల తగాదాగా చదివితే ఇది పత్రికలో ఒక మూల పట్టే వార్త. కొంచెం లోపలికి వెళితే మాత్రం ఒక వింత ప్రశ్న ఎదురవుతుంది. ఒక మద్యం తాగినప్పుడు కలిగే ఉల్లాసానికి యజమాని ఎవరు? ద్రాక్ష పండించిన రైతా, దాన్ని సీసాలో నింపి లోకానికి అమ్మిన వర్తకుడా, ఆ ఉల్లాసాన్ని తన ఒంటి మీద చల్లుకోవాలని డబ్బు పెట్టి కొన్న స్త్రీయా?

ముందు ఆ ద్రవం సంగతి. దాన్ని కూర్చిన సోఫియా గ్రోజ్‌మన్ బెలారస్‌లో పుట్టి, అమెరికాకు వలస వెళ్లి, న్యూయార్క్‌లోని ఒక పరిమళాల సంస్థ ప్రయోగశాలలో చిన్న ఉద్యోగంతో మొదలై, ఈ విద్యలో అగ్రశ్రేణికి చేరిన మనిషి. సాఁ లోరాఁ కోసం 1983లో పారిస్, లాంకోమ్ కోసం 1990లో ట్రెజోర్ చేసినది ఆమే. ఇరవయ్యో శతాబ్దపు చివరి పాతికేళ్లలో లక్షల మంది స్త్రీల ఒంటి మీద తేలిన గులాబి వాసనల్లో చాలా వాటి వెనుక ఆమె చెయ్యి ఉంది. ఈ కొత్త సెంటు మూత తీయగానే నెక్టరిన్ పండు, పుదీనా, సోంపు పలకరిస్తాయి. కాసేపటికి గులాబి. ఆఖరున మిగిలేవి పచౌలీ ఆకు, వట్టివేరు, ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే నాచు లాంటి లైకెన్. ఇంత పొడుగు జాబితాలో షాంపేన్ చుక్క ఒక్కటీ లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. షాంపేన్ వాసన చూపించడం గ్రోజ్‌మన్ ఉద్దేశం కాదు. సీసా తెరిచిన క్షణంలో గదిలో వచ్చే కదలికను చూపించడం.

పండుతో మొదలై నాచుతో ముగిసే ఈ కూర్పును పరిమళశాస్త్రంలో షిప్ర్ కుటుంబం అంటారు. 1917లో ఫ్రాన్స్వా కోటీ విడుదల చేసిన షిప్ర్ అనే సెంటు నుంచి ఆ పేరు స్థిరపడింది. ఫ్రెంచిలో షిప్ర్ అంటే సైప్రస్ ద్వీపం. ఇక కొలోన్ అనే మాట జర్మనీ నగరం పేరు. ఇటలీ నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన ఫరీనా కుటుంబం పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో చేసిన సుగంధజలం ప్రపంచమంతటా ఆ ఊరి పేరుతోనే చెల్లుబాటయింది. ఊళ్ల పేర్లను తీసుకోవడం సెంటు వ్యాపారులకు వెన్నతో పెట్టిన విద్య. ఇన్నేళ్లలో సైప్రస్ ప్రజలెవరూ కోటీ మీద దావా వేయలేదు. అందుచేత షాంపేన్ అన్న పేరు పెట్టినప్పుడు సాఁ లోరాఁ మనుషులు తమ వృత్తి సంప్రదాయంలోనే నడిచారని చెప్పవచ్చు. వాళ్లు మరచినది ఒకటే. సైప్రస్ ద్వీపవాసులు తమ ఊరి పేరు కోసం ఇళ్లు తగలబెట్టుకోలేదు. షాంపేన్ వాసులు తగలబెట్టుకున్నారు.

ఆ కథకు ముందు సెంటు ప్రకటన ఏం చెప్పిందో చూడాలి. సంతోషంగా, తేలికగా, నురగలా మెరుస్తూ ఉండే స్త్రీల కోసం ఈ పరిమళం అన్నది దాని సారం. ఫ్రెంచిలో పెతియే అనే క్రియ ఉంది. మద్యంలో బుడగలు పైకి లేవడానికీ, మనిషి కళ్లలో చలాకీతనం తొణకడానికీ అదే మాట. తెలుగులో ఒకటి పొంగు, రెండోది మెరుపు. తుళ్లింత అన్న మాట రెండింటికీ కొంత దగ్గరగా వస్తుంది కానీ సరిపోదు. ఫ్రెంచి భాష ఉచితంగా ఇచ్చిన ఆ శ్లేష మీదనే ప్రకటన మొత్తం నిలబడింది. మద్యం గుణం మాటలోంచి సీసాలోకి, సీసాలోంచి స్త్రీ స్వభావంలోకి జారుతుంది. ఆమె నిజంగా చలాకీ మనిషి అయితే ఈ సెంటు ఆమెకు తగినది. కాకపోతే ఈ సెంటు వల్ల అవుతుంది. ఎటు తిరిగినా కొనవలసిందే.

వాసనకూ స్వభావానికీ ముడి వేయడం పారిస్ వర్తకులు కనిపెట్టినది కాదు. రతిరహస్యం పద్మినీ జాతి స్త్రీ దేహానికి తామరపూవు వాసన ఉంటుందని చెప్పింది. అక్కడ స్వభావం ముందు, పరిమళం దాని వెంట. భారతంలో మత్స్యగంధి కథ ఇంకా ముందుకు వెళ్తుంది. పరాశరుని వరంతో చేపల వాసన పోయి ఆమె యోజనగంధి అయింది. ఎక్కడిదో తెలియని ఆ పరిమళాన్ని వెతుక్కుంటూ శంతనుడు యమున ఒడ్డుకు వచ్చాడు. వాసన మారితే వంశచరిత్రే మారింది. కానీ ఆమె పట్టుదల, లెక్క, తండ్రి చాటున రాజుకు పెట్టిన షరతు అన్నీ ఒక పడవ నడిపే పిల్లవే. పరాశరుడు వాసన మార్చగలిగాడు, మనిషిని మార్చలేదు. కథకుడికి ఆ తేడా తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు ప్రకటనకర్తకు అది తెలియకపోవడమే లాభసాటి.

పందొమ్మిదో శతాబ్దంలో సెంటు పేరంటే చాలావరకు పూవు పేరే: వయొలెట్, హీలియోట్రోప్, గులాబి. కొనేవారికి వాసన ఏమిటో పేరే చెప్పేది. తర్వాత పేర్లు మనోభావాలయ్యాయి. 1937లో స్కియాపరెల్లి షాకింగ్, 1973లో ఉద్యోగం చేసుకునే స్వతంత్ర యువతిని ఉద్దేశించిన రెవ్లాన్ చార్లీ, 1985లో ఒకే ఏడాది డియోర్ విషం, కాల్విన్ క్లైన్ వ్యామోహం. 1993 నాటికి సెంటు కొనడమంటే ఒక పాత్రను కొనుక్కోవడం. షాంపేన్ ఆ వరుసలో సహజంగా వచ్చి చేరిన పేరు.

ఇప్పుడు 1911కు వెళ్లాలి. షాంపేన్ అనే ప్రాంతం పారిస్‌కు తూర్పున, సున్నపురాతి కొండల మీద ఉంది. చలి ఎక్కువ, పంట నమ్మకం తక్కువ. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో ద్రాక్ష వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు అక్కడికి కూడా చేరింది. ఆ తర్వాత వరుసగా చెడ్డ పంటలు. 1910లో వడగళ్లు, వానలు, బూజు కలిసి కోతకు దాదాపు ఏమీ మిగల్చలేదు. రైతుల గాదెలు ఖాళీ అయినా ఎపెర్నే, రాఁస్ పట్టణాల్లో వర్తకుల నేలమాళిగలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. లువార్ లోయ నుంచి, దక్షిణాది నుంచి చవక వైన్ రైళ్లలో దిగి, షాంపేన్ పేరుతో సీసాల్లోకి ఎక్కుతోందని రైతులు గ్రహించారు. పండించినవాడు ఆకలితో ఉన్నాడు. అతని ఊరి పేరు మాత్రం మరొకరి మద్యానికి అన్నం పెడుతోంది.

జనవరిలో దామెరి, ఓవిలేర్ గ్రామాల్లో రైతులు వర్తకుల గిడ్డంగుల మీద పడ్డారు. పీపాలు పగిలాయి, మద్యం వీధుల్లో పారింది, మార్న్ నదిలో కలిసింది. ప్రభుత్వం సైన్యాన్ని దించి, మోసాన్ని అరికట్టే చట్టం తెచ్చి కొంత శాంతింపజేసింది. కానీ చట్టం అమలు కావాలంటే షాంపేన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత గీయాలి. 1908 నాటి ఉత్తర్వు గీసిన గీత మార్న్ జిల్లాను, ఎన్ జిల్లాలో కొంత భాగాన్ని లోపల ఉంచి, దక్షిణాన ఉన్న ఓబ్ జిల్లాను బయట వదిలేసింది. మధ్యయుగాల్లో షాంపేన్ ప్రభువుల రాజధాని త్రువా నగరం ఉన్నది ఆ ఓబ్‌లోనే! చరిత్రలో షాంపేన్‌కు తలకాయ అయిన ఊరు ఉత్తర్వులో షాంపేన్ కాకుండా పోయింది. ఓబ్ రైతులు ఎర్రజెండాలతో రోడ్డెక్కారు. వాళ్లను చల్లార్చడానికి ఏప్రిల్ 11న సెనేట్ అసలు ఆ గీతలే వద్దన్న మొగ్గు చూపింది. వార్త తంతి మీద మార్న్‌కు చేరిన రాత్రే ఊళ్లలో డప్పులు మోగాయి. మరునాడు ఆయి పట్టణంలో వర్తకుల ఇళ్లు, గిడ్డంగులు మంటల్లో కాలాయి. అశ్విక దళాలు వచ్చేసరికి వీధుల్లో మద్యం, గాజుపెంకులు, కాలిన ద్రాక్షతోటలు మిగిలాయి.

ఆ గొడవ సర్దుబాటు కాకముందే ప్రపంచయుద్ధం వచ్చి, అదే నేల మీద కందకాలు తవ్వించింది. చివరికి 1927 చట్టం ఓబ్‌ను కూడా కలుపుకొని షాంపేన్ సరిహద్దును ఖాయం చేసింది. 1941లో, జర్మన్ ఆక్రమణ కాలంలో, రైతులూ వర్తకులూ కలిసిన ఒక సంఘం ఏర్పడింది. అర్ధశతాబ్దం తర్వాత సాఁ లోరాఁ మీద కోర్టుకెక్కినది ఆ సంఘమే. ప్రాంతీయ నామాలను కాపాడే జాతీయ సంస్థ దానికి తోడు నిలిచింది. సెంటు సీసా మీద ఒక పేరు చూసి ఇంత ఉలిక్కిపాటా అని నవ్వుకునేవారు 1911 తెలిసిన తర్వాత నవ్వడం కష్టం.

అయితే రైతుల పక్షం వహించి కథ ముగిస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. కొలీన్ గై అనే చరిత్రకారిణి 2003లో షాంపేన్ ఎప్పుడు ఫ్రెంచిదయింది అన్న అర్థం వచ్చే పేరుతో ఒక మంచి పుస్తకం రాసింది. షాంపేన్ అంటే వేడుక అన్న భావం నేలలోంచి మొలిచింది కాదని, పందొమ్మిదో శతాబ్దంలో వర్తకులు పట్టుబట్టి తయారుచేసినదని ఆ పుస్తకం చదివితే స్పష్టమవుతుంది. పెళ్లికో లేబిల్, బారసాలకో లేబిల్, గుర్రప్పందేలకో లేబిల్, సైనిక విజయానికో లేబిల్. రాజుల భోగాన్ని మధ్యతరగతి ఇంటి భోజనబల్ల మీదికి ఒక్క రోజుకైనా దించే ఉపాయం అది. ఆ వర్తకుల పేర్లు చూడండి: క్రుగ్, మమ్, బోలింజే, డాయిట్జ్, హైడ్‌సిక్. చాలామంది జర్మన్ నేల నుండి వచ్చినవారు లేదా వారి సంతతి. ఫ్రెంచి ఆత్మకు చిహ్నమని చెప్పుకునే పానీయానికి ఆ కీర్తి తెచ్చినవారిలో వలసవచ్చినవాళ్ల పాలు పెద్దది. పరదేశంలో బతుకుతూ మాతృభూమి రుచుల గురించి మాట్లాడుకునేవారికి ఈ సంగతి వింతగా తోచదు.

షాంపేన్ తాగేవాడికి ఒక వ్యక్తిత్వాన్ని అంటగట్టడం కూడా వర్తకులు ఎప్పుడో చేసిన పనే. షార్ల్ హైడ్‌సిక్ 1852లో అమెరికా వెళ్లి తన మద్యాన్ని సూటూబూటూ హుందాతనంతో కలిపి అమ్మాడు. 1860ల్లో ఇంగ్లండ్ రంగస్థలం మీద జార్జ్ లేబోర్న్ షాంపేన్ చార్లీ అనే పాట పాడి పేరు తెచ్చుకున్నాడు. పాటలో మొయెట్ మద్యం ప్రస్తావన ఉంది, ఆ కంపెనీ గాయకుణ్ణి పోషించింది కూడా. తెల్లవార్లూ తిరిగే, ఖర్చుకు వెనకాడని, పెద్దగా ఆలోచన లేని ఒక మగమనిషి మూర్తి అట్లా తయారయింది. సాఁ లోరాఁ చేసినదల్లా ఆ మగవాడి స్థానంలో ఒక స్త్రీని నిలబెట్టడం. వర్తకుల ప్రచారం నుంచి తీసిన ప్రచారం అది. వాళ్ల నుంచి దొంగిలించిన వస్తువు ద్రాక్షరసం కాదు, ద్రాక్షరసం మీద వాళ్లు అల్లిన కథ.

సెంటుకూ షాంపేన్‌కూ సంబంధమే లేదన్నట్టు మాట్లాడటం కూడా కుదరదు. సెంటుకు ఆధారమైన ఆల్కహాల్‌ను ఐరోపాలో శతాబ్దాల పాటు వైన్‌ను బట్టీ పట్టే తీసేవారు; పాత పుస్తకాల్లో దాని పేరే వైన్ ఆత్మ. పీపాల అడుగున పేరుకునే ఈస్టు మడ్డి నుండి తీసే కోన్యాక్ నూనె ఇప్పటికీ పరిమళకారుల అలమరల్లో ఉంటుంది. ఇక యాజమాన్యం సంగతి చూస్తే, 1968 నుంచి డియోర్ సెంట్ల వ్యాపారంలోకి అడుగుపెట్టి, కొద్ది ఏళ్లలో దాన్ని తనలో కలుపుకున్నది ఎవరో కాదు, మొయెట్ షాంపేన్ సంస్థే. సెంటుకు షాంపేన్ పేరు పెట్టడం పాపం. షాంపేన్ డబ్బుతో సెంటు కంపెనీ కొనడం వ్యాపారం. అంతకుముందు 1941 ప్రాంతంలో కారోన్ సంస్థ రాజుల షాంపేన్ స్నానం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక సుగంధజలాన్ని, షాంపేన్ సీసా లాంటి సీసాలోనే అమ్మింది. షాంపేన్‌తో స్నానం చేయాలని ముచ్చటపడిన ఒక కాలిఫోర్నియా కోటీశ్వరుడి కోసం చేశారని దాని చుట్టూ ఒక కథ. దశాబ్దాల పాటు చెలామణీ అయిన ఆ పేరు కూడా తర్వాత మారవలసి వచ్చింది. షాంపేన్ పోయి కారోన్ వచ్చింది.

అంటే 1993 నాటికి గాలి మారింది. 1984లోనే షాంపేన్ పేరుతో వచ్చిన సిగరెట్లను పారిస్ న్యాయస్థానం అడ్డుకుంది. 1990 జులైలో వచ్చిన చట్టం అసలు మలుపు. ప్రాంతీయ నామాన్ని అదే రకం సరుకు మీద వాడరాదన్నది పాత సూత్రం. వేరే ఏ సరుకు మీద వాడినా, దానివల్ల ఆ నామపు ప్రతిష్ఠ దారిమళ్లేదీ పలచబడేదీ అయితే చాలు, తప్పే అన్నది కొత్త సూత్రం. సెంటు కొన్నవాళ్లెవరూ దాన్ని గ్లాసులో పోసుకోరని సాఁ లోరాఁ తరఫువారు వాదించారు. ఆ మాట నిజమే. కానీ చట్టం అడుగుతున్న ప్రశ్న అది కాదు.

అక్టోబరులో మొదటి తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. డిసెంబరు 15న అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసి, ఫ్రాన్స్‌లో ఆ పేరుతో అమ్మకాలు ఆపాలంది. న్యాయమూర్తుల తర్కం చదవదగినది. ఖరీదైన సెంటుకు ఆ పేరు పెట్టడం, బిరడాను తలపించే సీసా చేయించడం, ఆ మద్యం రేకెత్తించే ఆనందాన్నీ పండుగ భావాన్నీ ప్రచారంలో వాడుకోవడం, ఈ మూడూ కలిసి షాంపేన్ ప్రతిష్ఠ నుంచి అరువు తెచ్చుకున్న ఆకర్షణగా వారికి కనిపించాయి. ఇక్కడే కథలోని వ్యంగ్యం. సీసా మీద ఒక పేరు రాసి ఊరుకుని ఉంటే వాదించడానికి కొంత చోటు మిగిలేది. సంతోషంగా మెరిసే స్త్రీ అంటూ కొనేవారికి వాగ్దానం చేసిన ఆ వ్యక్తిత్వమే కోర్టులో సాక్ష్యంగా నిలిచింది. ప్రకటన ఎంత బాగా పని చేస్తే నేరం అంత రుజువయింది.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎల్డర్ పూలతో చేసిన, మత్తులేని ఒక పానీయం ఇదే గండంలో పడింది. సీసా ధర రెండున్నర పౌండ్లలోపు. షాంపేన్ కొనేవాడు పొరపాటున దాన్ని కొంటాడని నమ్మడం కష్టమే. అయినా షాంపేన్ అన్న మాట ఇంగ్లండులో కూడా కొంచెం కొంచెంగా అరిగిపోతుందన్న భయంతో అక్కడి అప్పీలు కోర్టు ఆ పేరును ఆపింది. మాట కూడా నాణెంలా అరుగుతుందన్న ఈ ఆలోచన భాషాభిమానులకు నచ్చవచ్చు. కానీ ఏ మాటను అరగకుండా కాపాడాలో నిర్ణయించేది ఎవరు?

దీనికి జవాబు వెతకాలంటే సాఁ లోరాఁ సంస్థదే మరొక సీసా చూడాలి. 1977లో అదే సంస్థ ఓపియం పేరుతో సెంటు విడుదల చేసింది. మరుసటి ఏడాది న్యూయార్క్ రేవులో పీకింగ్ అనే పాత తెరచాప ఓడ మీద ఆడంబరంగా విందు జరిగింది. చైనా మూలాలున్న అమెరికన్లు అభ్యంతరం చెప్పారు. నల్లమందు వాళ్ల చరిత్రలో విలాసం కాదు. రెండు యుద్ధాలు, ఒక శతాబ్దపు అవమానం. ఆ నల్లమందులో చాలా భాగం భారతదేశపు పొలాల్లో, బీహారులో, మాళవలో పండినదే. అమితావ్ ఘోష్ సీ ఆఫ్ పాపీస్ చదివినవారికి గాజీపూర్ కార్ఖానా మరుపుకు రాదు. చైనీయుల నిరసన వార్తయింది, సెంటు ఇంకా ఎక్కువ అమ్ముడుపోయింది, పేరు ఈనాటికీ ఉంది. ఒక జాతి ప్రతిష్ఠకు హక్కుదారులు దొరికారు. మరొక జాతి బాధకు చట్టంలో హక్కుదారు లేడు. అదే సంస్థ, రెండు సీసాలు; ఒకదాన్ని మాత్రమే కోర్టు ముట్టుకుంది.

పేరు కోసం ఇంత పట్టింపు అవసరమా అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర ఆసక్తికరమైన సమాధానం ఉంది. 2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాని వాసనను వర్ణించారు. 2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఐసోవలెరిక్ ఆమ్లం, చెడ్డార్ జున్ను వాసన కలిపిన ఒకే మిశ్రమాన్ని వాసన చూపిస్తూ, ఒకసారి జున్ను అని, మరొకసారి ఒంటి చెమట అని తెర మీద రాసి చూపారు. జున్ను అన్నప్పుడు బాగుందన్నారు, చెమట అన్నప్పుడు ముఖం చిట్లించారు. అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. కంటి గుంతల పైనుండే మెదడు భాగంలో స్పందన కూడా పేరును బట్టి మారింది. పేరు ముక్కుకు అంటించిన చీటీ కాదన్న మాట. వాసనలో అది కూడా ఒక దినుసు. కాబట్టి 1993లో షాంపేన్ అన్న మాట తీసేయమన్న కోర్టు, తెలిసో తెలియకో, గ్రోజ్‌మన్ కూర్పులోంచి ఒక పదార్థాన్ని తీసేయమన్నది.

మరి ధరించిన స్త్రీ? ఆమె స్వభావం గురించి సీసా ఏమైనా చెప్పగలదా? మనుషులు తమ కోసం ఎంచుకునే పరిమళాలకు, వారి రోగనిరోధక జన్యువులకు ఏదో పొత్తు ఉందని 2001లో మిలిన్‌స్కీ, వెడెకిండ్ ఒక పరిశోధన ప్రచురించారు. ఆ లెక్కన ఒంటికి నప్పే సెంటును ఒళ్లే కొంతవరకు ఎంచుకుంటుంది. ప్రకటన చెప్పే చలాకీతనానికి అందులో చోటు కనిపించదు. ఒకే సీసాను కొన్నవారిలో నవ్వుమొహాలూ ఉంటాయి, ముభావులూ ఉంటారు, భర్త పుట్టినరోజు కానుకగా తెస్తే మొహమాటానికి రాసుకునేవారూ ఉంటారు.

తీర్పు తర్వాత ఆ సెంటు కొంతకాలం సరైన పేరు లేకుండా తిరిగింది. కొన్ని దేశాల్లో పాత పేరు నడిచింది, కొన్ని చోట్ల సంస్థ పేరు మాత్రమే సీసా మీద మిగిలింది. చివరికి 1996లో ఈవ్రెస్ అన్న పేరు స్థిరపడింది. ఫ్రెంచిలో ఈవ్రెస్ అంటే మైకం. అక్షరం ఒకటి మార్చి సాఁ లోరాఁ మొదటిపేరు ఈవ్‌ను అందులో పొదిగారు. మద్యం పేరు దక్కకపోతే మద్యం చేసే పని పేరు పెట్టుకున్నారు. మైకానికి సరిహద్దు గీసిన ఉత్తర్వు ఏదీ లేదు.

ఈ కేసు ముగిసిన నాలుగు నెలలకు, 1994 ఏప్రిల్‌లో, ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద మరకేష్‌లో సంతకాలయ్యాయి. ప్రాంతీయ నామాల రక్షణ అందులో భాగమై, భారతదేశంలో 1999 చట్టంగా దిగింది. తిరుపతి లడ్డూకు, పోచంపల్లి ఇక్కత్‌కు, బంగినపల్లి మామిడికి వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ దారిన వచ్చినదే. కానీ ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. వైన్‌కు, సారాయి జాతి మద్యాలకు ఎక్కువ రక్షణ, మిగతా సరుకులకు తక్కువ. మరొక ఊరి వైన్ మీద షాంపేన్ తరహా అని రాసినా తప్పే, కొనేవాడు మోసపోకపోయినా సరే. పోచంపల్లి తరహా చీర అని రాస్తే మాత్రం మోసం జరిగిందని నిరూపించాలి. ఆ పై రక్షణను చీరలకూ, తేయాకుకూ, బియ్యానికీ చాచమని భారతదేశం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. మగ్గం ముందు కూర్చున్నవాడి పేరు ద్రాక్షతోటలో ఉన్నవాడి పేరు కంటే త్వరగా అరిగిపోదని ఎవరు నిర్ణయించారో ఆ ఒప్పందం చెప్పదు.

ఆ సెంటు విషయంలో చివరి మార్పు తెచ్చినది కోర్టు కాదు, చర్మవైద్యులు. ఓక్ నాచులోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రెండు పదార్థాలు కొందరి చర్మానికి తీవ్రమైన ఎలర్జీ తెస్తాయని తేలి, ఐరోపా 2017లో వాటిని నిషేధించింది; 2021 నాటికి అవి ఉన్న సీసాలు దుకాణాల్లో ఉండరాదన్నది. షిప్ర్ కుటుంబానికి వెన్నెముక ఆ నాచే. అందుకే పాత సెంట్లు సేకరించేవారు 1993 నాటి సీసాల కోసం, షాంపేన్ అన్న పేరు ఇంకా మీద ఉన్నవాటి కోసం, వెతుకుతుంటారు. అట్లా దొరికిన సీసాల్లో నెక్టరిన్, పుదీనా ఏనాడో గాలికి పోయి ఉంటాయి. తేలిక అణువులు ముందుగా చెడుతాయి. మూత తీస్తే వచ్చేది గులాబి, పచౌలీ, వానకు తడిసిన చెట్టుబెరడు వాసన.